ఉకారం

సాలిగ్రామంలో రెండో అంతస్తు,
గుడ్ల అట్టలు అంటించిన గోడల మధ్య
నా గొంతుకి గంటకింత అని రేటు.
ఎన్నికలొస్తే ఇక్కడ మాకు పండగే.

పుగళేంది కాగితం చేతికిచ్చాడు. నలభై సెకన్లు.
"అవతలి కేండిడేటు తాత గుల్టి అన్నా.
ఆ యాసలో వాడు ఓటడగాలి,
వినగానే వీధి వీధంతా పగలబడి నవ్వాలి."

గుల్టి.
తెలుగుని కాళ్లు పట్టి తలకిందులు చేస్తే
జేబులోంచి రాలిపడే మాట.

నేనెవరో అతనికి తెలీదు.
నా కార్డు మీద భువన్‌రాజ్ అని ఉంటుంది.
పుగళేంది పేరు నడుమ ఉండే ఆ ళ,
ళ కాని ళ,
నా నాలిక మీద కత్తిలా తిరుగుతుంది.
చిన్నప్పుడు అద్దం ముందు
నాలిక మడిచి మడిచి సాధించాను దాన్ని.
రాళ్ల మీది శాసనాల్లో మాకూ ఒకప్పుడు ఉండేదట,
ఎక్కడో పారేసుకున్నాం.

నిజం చెప్పాలి.
పోయిన వారం పానీపూరీ కుర్రాడి గొంతు నేనే.
వీళ్లని రానిస్తే ఊరు మనకి మిగలదన్న ప్రకటనలో
ఆ నంగి తమిళం నాదే.
అంతకు ముందు ఎన్నికలకి టీకొట్టు మలయాళీ,
ఆ ముందు వడ్డీ లెక్కల సేటు.
డబ్బులు లెక్కపెట్టుకుని మెట్లు దిగి
సందు మొదట్లో ఆ కుర్రాడి బండి దగ్గరే
ఆరు పూరీలు తిన్నాను.
ఏడోది ఊరికే ఇచ్చాడు.

పుగళేంది నాకు నేర్పుతున్నాడు:
"మాట చివర ఉ తగిలించన్నా.
నాన్ అనకు, నాను అను.
మీన్ కాదు, మీను."
అంతలోనే కిటికీలోంచి కిందికి కేకేశాడు,
"రెండు టీ, పాలు కమ్మి!"
ఆ పాలు చివర ఉకారం ఎవరిదో,
ఆ కమ్మి ఏ గుర్రమెక్కి ఇంత దూరం వచ్చిందో
అతనికి వినపడలేదు.

మైకు ముందు కళ్లు మూసుకున్నాను.
వెతకనక్కర్లేకుండానే వచ్చేసింది
పెంచలవ్వ.
ముప్పై రెండేళ్లు పుళియంతోపు వీధులు ఊడ్చిన అవ్వ.
సూళ్లూరుపేట నుంచి వచ్చిన వారానికే
కార్పొరేషన్ చేతికి చీపురిచ్చింది,
భాష ఇవ్వలేదు.
చెత్తతో పాటు తనే ఏరుకుంది,
గుమ్మం గుమ్మం దగ్గరా.
హల్లు దగ్గర ఆగిపోయే మాట ఆమెకి
గడప బయట నిలబెట్టిన చుట్టంలా తోచేదేమో,
ఒక అచ్చు చేతికిచ్చి లోపలికి పిలిచేది.

ఒకే టేకు.
పుగళేందికి నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లొచ్చాయి.
"ఎలాగన్నా ఇంత అచ్చంగా!"
నేను బిల్లు రాశాను.
చెయ్యి వణికిందని ఇక్కడ చెప్పుకోవాలని ఉంది.
వణకలేదు.

మర్నాడు పొద్దున్నే
మా వీధిలో నీళ్ల లారీ, బిందెల వరస.
నేను మేడ మీద పళ్లు తోముకుంటున్నాను.
నెత్తిన రెండు గొట్టాలతో ఆటో వచ్చింది.
మగ గొంతులోంచి అవ్వ ఓటడిగింది.
వరసంతా నవ్వింది.
పిల్లలు అప్పుడే పట్టేశారు,
నాను మీను, నాను మీను అని గెంతుతూ.
అమ్మ కూడా నవ్వింది,
అందరికంటే ముందు.

తర్వాత
బిందె నిండి పొర్లిపోతున్నా
పైపు తియ్యలేదు.

నా నోట్లో నురగ అలాగే ఉంది.

తడిసిన కుచ్చెళ్లతోనే ఆటోకి అడ్డం వెళ్లి
డ్రైవరు కుర్రాడితో అంది,
పుట్టినప్పట్నించీ ఈ ఊరే అయినా
అవ్వ దగ్గరే నేర్చుకున్న తమిళంలో:

"ఇంకొక్కసారి వెయ్యి తంబీ.
అది మా అమ్మ."